బొజ్జ పెట్టిన తాడు

“వదిన ఎక్కిన బస్సు వర్ధన్నపేట దాటిందట అన్నా, మా రామికి ఫోన్ చేసిందట” అని ఒడ్డు మీది నుంచే కేకేసి, జాల్యా చాయ తాగడానికి తండా వైపు పోయాడు. ఐలేశ్ బావి గడ్డ మీద రాయిపై కూర్చుని తల ఊపాడు. అంత దూరానికి తల ఊపితే కనిపించదని తెలిసే ఊపాడు.

వర్ధన్నపేట తర్వాత జఫర్‌గఢ్, ఆ తర్వాత పాలకుర్తి, అక్కడ దిగి ఆటో నిండేదాకా ఆగాలి, ఆటో దిగాక ఒడ్ల మీద నడిచి రావాలి. ఎట్లా చూసినా గంట. ఆ గంటలో చేయడానికి పనేమీ లేదు. పని నిన్ననే అయిపోయింది. రెండెకరాల పదిహేను గుంటల నేల రెండు పాళ్లయి పడి ఉంది, నడుమ ఆరు హద్దు రాళ్లు, సున్నం పూసినవి, డిసెంబరు ఎండలో పిల్లవాడి పాలపళ్లలా. పక్కన చుట్ట చుట్టిన తాడు. ముప్ఫై మూడడుగుల జనుప తాడు, రెండు కొసలకు రెండు తుమ్మ మేకులు. ఆ తాడంత పొడవు, ఆ తాడంత వెడల్పు కొలిస్తే ఒక గుంట. నైలాన్ తాడు కొనుక్కోమని ఎందరో చెప్పారు, అది సాగుతుందని ఐలేశ్ కొనలేదు, ఎందుకు కొనలేదో వాళ్లకు చెప్పనూ లేదు. జనుప తాడు ఒకసారి నానబెట్టి ఆరబెట్టి బరువు కట్టి వేలాడదీస్తే ఇక అది సాగదు, కుంచించుకుపోదు, ఎండలో ఎంతో వానలో అంతే. భార్య వనజ ఒకసారి అంది, నీ తాడూ నువ్వూ ఒక్కతీరే, నానబెట్టి ఆరబెట్టినట్టు. నవ్వుతూనే అంది. అప్పుడు ఇంకా నవ్వుతుండేది.

ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ములు వేరుపడితే ఐలేశ్‌ను పిలుస్తారు. సర్వేయరు వచ్చి గీసింది కాగితం మీద ఉంటుంది, ఐలేశ్ గీసింది నేల మీద ఉంటుంది, నాగలి దానివెంటే పోతుంది. ముందు కొస ఐలేశ్ పట్టుకుని నడుస్తాడు, వెనక కొస జాల్యా పట్టుకుంటాడు, తాడు బిగిసినచోట ఐలేశ్ మేకు దింపుతాడు, వెనక నుంచి జాల్యా ఊరంతా వినిపించేట్టు ‘ఒకటీ’ అంటాడు. లెక్క చెప్పడం ముందున్నవాడి పని నిజానికి. ఐలేశ్ నోరు లేవదని జాల్యాయే చెబుతూ వచ్చాడు. నీ నోట్లకెళ్లి మాట రావాలంటే బోరు బండి తేవాలె అన్నా, మూడు వందల ఫీట్లు వేసినా దుమ్మే లేస్తది అంటాడు. కొలవడం అయ్యాక ఏరుకోవడం. దానికొక పద్ధతి ఉంది. పాళ్లు పెట్టేది పెద్దవాడైతే ముందు ఏరుకునేది చిన్నవాడు. మిగిలింది పెద్దవాడిది. ఏది మిగిలినా నాదే అనుకున్నవాడే సమంగా పెట్టగలడు. చిన్నవాడు ఏరుకునేటప్పుడు పెట్టినవాడు నోరు తెరవకూడదు, కంటితో సైగ చేయకూడదు, ఒక పాలు వైపు మొహం పెట్టి నిలబడకూడదు. ఐలేశ్ ఎన్ని కుటుంబాలను అట్లా నిలబెట్టాడో. ఇవాళ ఏరుకునేది వనజ, తను అట్లా నిలబడాలి.

తూర్పు పాలు ఇదిగో, తను కూర్చున్న బావి పక్కది, సరిగ్గా ఎకరం, దానితో పాటు ఊళ్లో ఇంటి వెనక ఇద్దరూ కలిసి కట్టుకున్న రెండు స్లాబు గదులు. పడమటి పాలు ఎకరం పదిహేను గుంటలు, తొర్రూరు రోడ్డు దాకా. గదులు లేవు కాబట్టి పదిహేను గుంటలు ఎక్కువ. బావి ఉమ్మడి, మోటారు ఒకరోజు ఒకరిది. ఐలేశ్ తండ్రి వదిలిపోయిన ముందటి పెంకుటిల్లు పాళ్లలోకి రాదు, వనజ పుట్టింటి నుంచి వచ్చిన రోలూ ఇత్తడి గంగాళమూ రావు. ఇద్దరూ కలిసి చెమటోడ్చిందే పాళ్లలో పడాలన్నది పెద్దమనిషి వెంకన్న మాట. తూర్పు పాలు తీసుకుంటే వనజ ఆ స్లాబు గదుల్లో ఉంటుంది. పెంకుటింటికీ ఆ గదులకూ ఒకటే గోడ. తెల్లారి ఆమె బిందె దింపితే చప్పుడు ఈ పక్కకు వినిపిస్తుంది. పడమటిది తీసుకుంటే కౌలుకిచ్చి భూపాలపల్లి పోతుంది, అక్కడ కొడుకు ధీరజ్ బొగ్గు ఓపెన్‌కాస్టులో లారీ నడుపుతున్నాడు, ఆమె ఒక హాస్టల్లో వంట చేస్తోంది, ఎనిమిది నెలలయింది. మూడో దారి లేదు. తెచ్చిపెట్టుకున్న రెండు దారులు ఆరు రాళ్లకు అటూ ఇటూ.

నారుమడి బావి మూలన ఒత్తుగా లేచి ఉంది, యాసంగి నారు, ఇరవై రెండు రోజులది. గాలి లేకపోయినా కొసలు కదులుతున్నట్టే ఉంటుంది నారు. ఇంకో వారం దాటితే ముదురుతుంది. దమ్ము చేయాలి, దమ్ము చేయాలంటే ఎవరి మడి ఏదో తేలాలి, అందుకే ఇవాళ. లేకపోతే వాయిదా పడుతూనే ఉండేది. తామిద్దరి మధ్య ఎన్నో వాయిదా పడ్డాయి. దసరా పోయాక ఫోన్ చేసి వనజే అంది, మనం వేరువడుదాం అని. ఐలేశ్ ఫోన్ చెవి దగ్గర పట్టుకునే ఉన్నాడు. అటువైపు నుంచి లారీల మోత. “కోర్టు గీర్టు కాదు. అన్నదమ్ములు వేరువడ్డట్టు వేరువడుదాం. వాళ్లు వేరువడ్డంక ఏం కాకుండ పోతరా? ఏదో ఒకటి అయితరు గద” అంది. వింటున్నవా అని అడిగింది. ఊఁ అన్నాడు. ఆ ఊఁ కూడా బావిలో రాయి వేస్తే వచ్చే చప్పుడులా కాస్త ఆగి వచ్చింది.

ఆ తర్వాత జనగామ పోయారు. ఇద్దరూ ఒకే బస్సులో, ఆమె ముందు సీట్లో, తను వెనక. కండక్టరు దగ్గరకు రాగానే ఆమె ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల సున్నా టికెట్ తీసుకుంది, ఆ కార్డు మీద వైఫ్ ఆఫ్ ఐలేశ్ అని ఉంటుంది, అది కండక్టరు చదవడు, అయినా వనజ అక్షరాల మీద బొటనవేలు పెట్టి చూపించినట్టు ఐలేశ్‌కు అనిపించింది, లేకపోతే కార్డు పట్టుకునే తీరే అదేమో. అక్కడ రాజీ కుదిర్చే ఆఫీసులో షారోన్ మేడం కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడిగింది. కొడతాడా, తాగుతాడా, ఇంకెవరితోనైనా ఉందా. లేదు మేడం, లేదు మేడం అంది వనజ. “మంచోడే మేడం. మంచోనితోని కూడ బతుకలేకపోవచ్చు గద.” మేడం కలం కింద పెట్టింది. విడాకులొక్కటే దారి కాదమ్మా అని చెప్పింది. ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టులో తొందరగా తెంపుకోవచ్చు. పెళ్లి పెళ్లిగానే ఉంచుకుని కోర్టు అనుమతితో విడిగా ఉండొచ్చు. లేదా ఇక్కడే కూర్చుని ఎవరు ఎక్కడుండేది, ఎవరికేది రాసుకుని సంతకాలు పెట్టుకోవచ్చు, ముందుముందు మనసు ఎటు పోతే అటు. వనజ అంతా విని ఒకటే అడిగింది, తప్పు ఎవరిదో రాయకుండ తెగే కాగితం ఉన్నదా మేడం అని. ఉంది, మూడోది అదే అంది మేడం. అప్పుడు ఐలేశ్ నాలిక మీదికి ఒక మాట వచ్చింది. రాయండి మేడం, తప్పు నాదే, రాయండి. పై పళ్లకు తగిలి ఆగింది. గోడ మీద ఫ్యాను తిరుగుతోంది, దానికి మూడు రెక్కల్లో ఒకటి కొత్తది, రంగు తేడా. ఆ రెక్కను చూస్తూ కూర్చున్నాడు.

ఆ కాగితానికి ముందు నేల తేలాలని ఊళ్లో పంచాయితీ పెట్టారు. వెంకన్న పెద్దరికంగా గొంతు సవరించుకుని, పుస్తె సంగతేంది బిడ్డా, తీస్తవా ఉంచుకుంటవా అని అడిగాడు. “కట్టినాయన ఒక్క గడియ కట్టిండు. ఇరువై నాలుగేండ్లు మోసిన్నేను. ఉంచుడో తీసుడో మోసినదాని ఇష్టం గద పెదబాపూ” అంది వనజ. ముసలాయన గడ్డం గీక్కుని, రాయకుండ్రి ఆ ముచ్చట అన్నాడు కాగితం రాసేవాడితో. జాల్యా పక్క నుంచి, మా తండల అయితే నాయక్ ముందట కూసుండి ఒక్క పొద్దుల తెంపుకుంటం, మాపటికి ఎవరింట్ల వాళ్లు కూర వండుకుంటరు, మీకేందో ఇన్ని మెలికలు అన్నాడు. “మరి నువ్వు తెంపుకుంటవా రామితోని?” అంది వనజ. “నేను తెంపుకుంట అంటె ఆమె నన్ను తెంపుతది వదినా.” అందరూ నవ్వారు. వనజ నవ్వింది, పళ్లు కనిపించేట్టు. ఎన్నాళ్లకో. విడిపోయే పంచాయితీలో నవ్వింది, ఇంట్లో నవ్వలేదు, అని ఐలేశ్ అనుకున్నాడు, బాధగా కూడా కాదు, మబ్బు అటు పోయింది అనుకున్నట్టు.

స్లాబు పోసిన ఏడు గుర్తొస్తుంది. ధీరజ్ రెండో తరగతి. ఇసుక ఇద్దరూ మోశారు, కంకర ఇద్దరూ మోశారు. స్లాబు పోశాక మూడు వారాలు తడి ఆరకూడదని మేస్త్రీ చెబితే, వనజ పైకెక్కి మట్టితో చిన్న చిన్న గట్లు పెట్టి, మడి కట్టినట్టు కట్టి, నీళ్లు నింపింది. పొద్దున్నే నిచ్చెన ఎక్కి చూస్తే మడి మడికీ ఒక ఆకాశం. “నారు పోద్దామా మల్ల? నాలుగు బస్తాలు రాకపోతాయి?” అంది నడుము మీద చెయ్యి పెట్టుకుని. ఐలేశ్‌కు లోపల నవ్వు పుట్టింది. చాలా పెద్ద నవ్వు. అది కడుపులోనే తిరిగి తిరిగి కడుపులోనే ఇంకిపోయింది. ఆమె అతని మొహం చూసింది, బకెట్ తీసుకుని దిగిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ లోపల ఎక్కడో ఉందని, ఒకసారి తీసి చూపిస్తే బాగుండునని అతనికి ఎన్నోసార్లు అనిపించింది. కానీ పదిహేనేళ్ల కిందటి నవ్వు ఇప్పుడు తీస్తే ఎవరికి అర్థమవుతుంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. నువ్వు గిట్ల అంటవు, దానికి నేను గిట్ల అంట, అని తనే ప్రశ్న, తనే జవాబు. పదేళ్లకు అతని వంతు మాటలు మానేసింది. ఇంకొన్నేళ్లకు తన వంతువీ మానేసింది.

తాడు మీదికి ఒక ఎర్రచీమ ఎక్కి, చుట్ట చుట్టిన దాని వెంట పోతోంది. చుట్ట వెంట పోతే తాడంతా నడవాలి. పైనుంచి దాటితే నాలుగంగుళాలు. చీమ తాడు వెంటే పోతోంది. నిన్న ఈ తాడుతో తను చేసిన పని చీమకు తెలియదు. జాల్యాకు తెలుసు. పడమటి పాలు కొలిచేటప్పుడు, మొదటి తాడు బిగించే వేశాడు, రెండోదీ బిగించాడు. మూడో తాడుకు మేకు దింపబోతుంటే రోడ్డు కనిపించింది, రోడ్డు మీద బస్సు, పరకాల మీదుగా భూపాలపల్లి పోయేదో ఎటు పోయేదో, దుమ్ము లేపుతూ. చెయ్యి తాడును గుంజడం మానేసింది. తను మానలేదు, చెయ్యి మానింది. తాడు నడుమ వంగి నేల మీద పక్కకు ఒరిగి పడుకుంది. అట్లా వంగితే ముప్ఫై మూడడుగుల తాడుకు ముప్ఫై ఒక్క అడుగు నేలే వస్తుంది. తాడు బొజ్జ పెడితే లెక్క నిండుతుంది, నేల నిండదు. దొంగ కొలతగాళ్లు చేసే పని అది, తన తండ్రి అట్లాంటివాళ్ల ఇంట నీళ్లు తాగేవాడు కాదు. వెనక నుంచి జాల్యా “అన్నా, తాడు బొజ్జ పెట్టింది” అన్నాడు. ఐలేశ్ వెనక్కి తిరగలేదు. జాల్యా ‘మూడు’ అన్నాడు, ఊరంతా వినిపించేట్టు కాదు, తన కాళ్లకు చెప్పుకున్నట్టు. నాలుగు, ఐదు, పదకొండు దాకా అట్లాగే. చివరకు హద్దు రాళ్లు పాతే వేళకు పడమట మూడు గుంటలు తగ్గి, తూర్పున మూడు గుంటలు పెరిగాయి. కాగితం మీద ఎకరం పదిహేనే. ఆమె నడిచి చూస్తుంది, పడమట చిన్నగా కనిపిస్తుంది, తూర్పు పెద్దగా, పైగా బావి, పైగా గదులు. తూర్పే తీసుకుంటుంది. గోడకు ఆ పక్క బిందె దింపుతుంది. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఉండిపో అనే రెండు మాటలు అనలేక మూడు గుంటలు దొంగిలించాడు. రాత్రి పడుకున్నప్పుడు అట్లా అనుకోలేదు, ఇప్పుడే అనుకున్నాడు, చీమ తాడు కొస దాకా వచ్చి మేకు మీద ఎటు పోవాలో తెలియక ఆగినప్పుడు.

ఆ రోజు కూడా ఈ ఒడ్డే. నిరుడు కాదు ముందటేడు, వానాకాలం నాట్లు. పక్క మడి ఇంకొకరిది, వనజ ముఠా గుత్తకు పట్టింది, పన్నెండు మంది ఆడవాళ్లు, ఆమే ముందు. నడుములు వంచి వెనక్కి నడుస్తూ నాటుకొస్తున్నారు. ఆమె ఫోన్ తడుస్తుందని ఇంట్లోనే పెట్టి వస్తుంది. ఐలేశ్ ఫోన్ మోగింది. కొత్తగూడ నుంచి ఆమె తమ్ముడు భాస్కర్. బావా, అమ్మకు మంచిగ లేదు, దవాఖాన నుంచి ఇంటికి తోల్కపొమ్మన్నరు, అక్కను వెంటనే తోల్కరా. సరే అన్నాడు. నడుచుకుంటూ వచ్చి ఈ ఒడ్డు మీద నిలబడ్డాడు. మడిలో ఇంకా సగం మిగిలింది. మధ్యలో ఆమె లేస్తే ముఠా ఆగుతుంది, నారు వాడుతుంది, ఆమెకు మాట పోతుంది. ఈ మడి అయినాక చెబుదాం అనుకున్నాడు. అంతే అనుకున్నాడు, అంతకంటే చెడ్డగా ఏమీ అనుకోలేదు. ఆమె తలెత్తి చూసింది. చెంప మీద బురద చుక్క. “ఏమన్న ఉన్నదా?” అంది. “ఏం లేదు” అన్నాడు. ఆమె మళ్లీ వంగింది. ఒక్కో కట్ట విప్పుతోంది, ఒక్కో వరుస వెనక్కి వస్తోంది, ఐలేశ్ జేబు మీద చెయ్యి పెట్టుకుని వరుసలు చూస్తున్నాడు. మడి నిండేసరికి మూడు. అప్పుడు చెప్పాడు. ఆమె కాళ్లు కూడా సరిగ్గా కడుక్కోలేదు. తొర్రూరు, మానుకోట, గూడూరు, ఒక్కోచోట బస్సు కోసం నిలబడి, కొత్తగూడ చేరేసరికి పొద్దుగూకింది. వాకిట్లో మంది. అయిదింటికి పోయిందన్నారు. పోయే ముందు రెండుసార్లు వనజ వచ్చిందా అని అడిగిందన్నారు. ఆమె తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, మోకాళ్ల మీద ఎండి పెచ్చులు కట్టిన మడి బురదను గోటితో తీస్తూ, అతని వైపు చూడకుండా “ఫోన్ ఎప్పుడొచ్చింది?” అంది. “మూడింటికి” అన్నాడు.

ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. పదకొండున్నర అంటే ఆమె ఇంకా ఏడుస్తుందనుకున్నాడేమో. ఆ ఏడుపు తగ్గించబోయాడేమో. నాటు వేస్తున్న చేతులను ఆపకూడదనుకున్నట్టే ఇది కూడా ఒక దయ అనుకున్నాడేమో. ఆమె ఒకసారి అతన్ని చూసింది, చాలాసేపు, నీళ్లు పోయిన బావిలోకి వంగి చూసినట్టు. మళ్లీ అడగలేదు. దినాలైనాయి, ఇంటికొచ్చారు, కోతలైనాయి, మళ్లీ నాట్లైనాయి. ఇంట్లో ఇద్దరు మాట్లాడనివాళ్లు. ఒకరైతే ఇల్లు మోసేది. ధీరజ్‌కు భూపాలపల్లిలో గది దొరికిందనగానే, వండిపెట్టి వస్త అని రెండు చీరలు పెట్టుకుని పోయింది, మళ్లీ ఒక చీర కోసమైనా ఇంటి గడప తొక్కలేదు.

అన్నదమ్ములను వేరు చేసినప్పుడు ఐలేశ్ ఒకటి చూశాడు. హద్దు పడక ముందు ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు, హద్దు పడ్డ ఏడాదికి ఒడ్డు మీద కూర్చుని ఒకరి బీడీ ఒకరికి ముట్టిస్తారు. నీ మోటారు ఆగింది చూసుకో అని ఒకరంటారు, మా కోడలుకు పాప పుట్టింది అని ఇంకొకరంటారు. అందరూ కాదు. హద్దు సరిగ్గా పడ్డవాళ్లే. రాయి అటో ఇటో అయినచోట మనవల కాలం దాకా మాటల్లేవు, కట్టెలు లేచాయి, తను కొలవని ఊళ్లలో అట్లాంటివి చూశాడు. ఆ ఆలోచన వచ్చి ఆగింది. చీమ మేకు దిగి గడ్డిలోకి పోయింది. రోడ్డు మీద ఆటో ఆగిన చప్పుడు, మళ్లీ కదిలిన చప్పుడు. ఐలేశ్ లేచి నిలబడ్డాడు. ఎటువైపూ మొహం పెట్టకూడదు కాబట్టి బావిలోకి చూస్తూ నిలబడ్డాడు.

వనజ ఒడ్డు వెంట వస్తోంది, చేతిలో సంచి, ఆమె వెనక జాల్యా. ఆమె కాస్త సన్నబడింది. దగ్గరకు రాలేదు. దూరం నుంచే సున్నం రాళ్లు చూసి, సంచి ఒడ్డు మీద పెట్టి, చీర కొంగు నడుముకు దోపుకుని పడమటి మడిలోకి దిగింది. కోసిన వరి మొదళ్ల మీద నెమ్మదిగా నడిచింది. రోడ్డు దాకా పోయి వచ్చింది. నడుమ నిలబడి ఏదో పెదాలు కదిపింది. తూర్పు మడి అంచున కూడా నడిచింది. తర్వాత హద్దు రాయి ఒకదాని మీద పాదం పెట్టి నిలబడింది.

“మర్దీ, తాడు పట్టింది నువ్వేనా?”

“వెనక కొస నాది వదినా. నేను ఒట్టి చేతులు.” జాల్యా తుమ్మ చెట్టు మీద ఏదో ముఖ్యమైనది ఉన్నట్టు అటు చూశాడు.

“గుంటకు ఆరు కట్టల నారు. ఇరువై ఏండ్ల సంది ఈ మళ్లల్ల వెనుకకు నడుస్తున్న. ఈడికెళ్లి రోడ్డు దాక మూడు వందల ముప్పై కట్టలు పట్టాలె. పద్దెనిమిది కట్టలు తక్కువ పడుతున్నయి. ఏడ పోయినయి?”

ఏరుకునేటప్పుడు పెట్టినవాడు నోరు తెరవకూడదు. బావిలో నీళ్ల మీద ఒక ఆకు తిరుగుతోంది. వనజ అతన్ని చూస్తోందని ఐలేశ్‌కు వీపు మీద తెలుస్తోంది. ఆ రోజు ఒడ్డు మీద తను నిలబడ్డాడు, ఆమె మడిలో ఉంది; ఇవాళా అంతే. ఏమన్న ఉన్నదా అని ఆమె అడగలేదు. అడిగినట్టే ఉంది.

“బొజ్జ నాదే” అన్నాడు ఐలేశ్.

బావి మీది నుంచి ఆమె వైపు తిరిగాడు.

“తూర్పు పాలు తీసుకుంటవని... తీసుకోవాలని.” గొంతులోంచి దుమ్మే లేచింది మొదట. “ఇంకోటి ఉన్నది. అత్తమ్మకు బాగలేదని ఫోన్ మూడింటికి రాలే. పదకొండున్నరకు వచ్చింది. నువ్వు అడిగితివి. ఏం లేదన్న.”

ఆమె పాదం రాయి మీది నుంచి కిందికి దిగింది. “తెలుసు” అంది. “దినాలనాడే భాస్కర్ చెప్పిండు.”

“మరి నన్ను అడుగకపోతివి.”

“అడిగిన గద. మూడన్నవు. మల్ల మల్ల అడగనీకి నేను పోలీసునా? నీ నోటెంట వస్తదేమో అని చూసిన. రెండేండ్లు చూసిన.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట లేదు. “ఇప్పుడు వచ్చింది.”

“తప్పు నాదని రాయించుకో. జనగామల.”

“రాసేది అక్కర లేదు. విన్న గద.” ఆమె ముక్కు ఎగబీల్చి నారుమడి వైపు చూసింది. “నారు ముదురుతున్నది. ఆ రాళ్లు పీకు. తాడు తియ్యి. మల్ల కొలుద్దాం.”

జాల్యా వెనక కొస అందుకున్నాడు. వనజ అతని చేతిలోంచి మేకు తీసుకుంది. “నువ్వు ఒడ్డు మీద కూసో మర్దీ. చాయ తాగొస్తివి గద, అరగనీ.”

“మరి లెక్క ఎవలు చెప్తరు వదినా?”

“ముందటాయన చెప్తడు. ఆయన పనే గద అది.”

రాళ్లు పీకడానికి కాసేపు పట్టింది. పీకిన గుంతల్లో మన్ను చల్లగా, తడిగా ఉంది. ఐలేశ్ రోడ్డు గట్టు నుంచి మొదలుపెట్టాడు, వనజ గట్టుకు మేకు ఆనించి రెండు చేతులతో పట్టుకుని వంగి నిలబడింది, నాటు వేసేటప్పటి నడుము. అతను నడిచాడు. తాడు చుట్ట విడిపోతూ వెనక్కి పారింది, ఆఖరి మెలిక విడింది, లేచింది, బిగిసింది. అరచేతికి ఆమె బలం తెలిసింది, జాల్యా బలం కంటే వేరు, ఊగదు.

“ఇంకా గుంజాల్నా?” అంది వెనక నుంచి.

“జర.”

తాడు సన్నగా మోగింది. బొజ్జ లేదు, నీడ కూడా గీత గీసినట్టుంది. ఈసారి పడమటిది పడమటిదే, తూర్పుది తూర్పుదే, పాళ్లు తేలాక ఆమె ఎటు వేలు చూపిస్తుందో అతనికి తెలియదు, గోడకు ఆ పక్క బిందె చప్పుడు ఉంటుందో ఉండదో తెలియదు. తెలియకుండా కొలవడం ఎంత తేలికో మరిచిపోయాడు. మేకు దింపి నిలబడ్డాడు.

“ఒకటి” అన్నాడు.

“వినవడలే” అంది వనజ.

“ఒకటీ” అన్నాడు ఐలేశ్, తండా దాకా పోయేట్టు. ఒడ్డు మీద జాల్యా తల తిప్పి చూశాడు. ఆమె తన మేకు పీకి అతను నిలబడ్డ చోటికి రావడానికి అడుగు వేసింది, అతను తర్వాతి చోటికి అడుగు వేశాడు, నడుమ తాడు, ముప్ఫై మూడడుగులు, పెరగకుండా, తగ్గకుండా.

“రెండూ” అన్నాడు.